నీళ్ల కోసం కనిపెట్టుకొన్నవాడు

ఆగమన కాలం మొదలయ్యే వేళకు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఏటా ఒక దృశ్యం కనిపిస్తుంది. వానాకాలపు పంట చేతికొచ్చినంత వచ్చాక, చేలో ఇక పని లేక, కుటుంబాలకు కుటుంబాలే మూటలు కట్టుకొని సుగ్గికి బయలుదేరతాయి. కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు, కొందరు తెలంగాణ వైపు పత్తి తీతకు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు, వాళ్లను పట్టుకొని బడి పిల్లలు ఊళ్లో మిగులుతారు. క్రిస్మస్ ఆరాధన నాటికి చాలా మందిరాల్లో సగం చోటు ఖాళీగానే ఉంటుంది. రక్షకుని రాక కోసం ఎదురుచూసే ఆ వారాల్లోనే అమ్మానాన్నల రాక కోసం ఎదురుచూసే పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు.

ఇంకెన్నాళ్లు అన్న ప్రశ్న ఈ నేలలోనే ఉంది. వాన కోసం, కాలువ నీటి కోసం, మంచి ధర కోసం, పోయినవాళ్లు తిరిగి రావడం కోసం. ప్రార్థించి ప్రార్థించి అలసిపోయిన విశ్వాసులు, దేవుడు మమ్మల్ని మరిచాడా అని పైకి అనకపోయినా లోలోపల అనుకొనే సమయాలు ఉంటాయి. అలా అనుకోవడం పాపమని మేము చెప్పబోవడం లేదు. కీర్తనలు రాసిన భక్తులే ఆ ప్రశ్న అడిగారు.

మన తెలుగు బైబిలు ఎదురుచూడడానికి ఒక చక్కని మాట వాడింది: కనిపెట్టుకొని ఉండడం. ఇది మన పల్లె మాటే. చేనును కనిపెట్టుకొని ఉండు, పసిపిల్లను కనిపెట్టుకొని ఉండు అంటాం. చేతులు ముడుచుకొని కూర్చోమని దాని అర్థం కాదు. కళ్లు తెరుచుకొని కాపలా కాయమని. అంతకు ముందు ఎవరికీ తెలియని దాన్ని తెలుసుకోవడాన్ని కూడా కనిపెట్టడం అనే అంటాం. ఎదురుచూడడం, కాపలా కాయడం, తెలుసుకోవడం, ఈ మూడూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఈ మూడింటినీ తన బ్రతుకులో చూపిన ఒక మనిషి గురించి ఈ వారం రాయదలచాం. ఆయన సర్ ఆర్థర్ కాటన్.

గోదావరి జిల్లాలవారికి కాటన్ దొరను పరిచయం చేయనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, ఆకలి నేలను అన్నపూర్ణగా మార్చినవాడని ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. అక్కడ ఆయన కథ నెరవేరిన కథ. మన వైపు నుండి చూస్తే మాత్రం అదే జీవితం వేరుగా కనబడుతుంది. తుంగభద్ర విషయంలో ఆయన ఆశించినదాన్ని కళ్లారా చూడకుండానే కన్నుమూశాడు. ఆ సగం కథ ఆదోనివాళ్లకు, ఎమ్మిగనూరువాళ్లకు తెలియాలి.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో, పిల్లలు చాలామంది ఉన్న కుటుంబంలో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో, పద్దెనిమిదేళ్లవాడు, మద్రాసు ఇంజనీరు దళంలో ఉద్యోగిగా మన దేశంలో అడుగుపెట్టాడు. బర్మా యుద్ధంలో పనిచేశాడు. యుద్ధం నుండి తిరిగి వచ్చాక ఆయన మనసు కట్టడాల మీదికి, ముఖ్యంగా నీటి మీదికి మళ్లింది. తంజావూరు సీమలో కావేరి మీద పూర్వపు చోళులు కట్టిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించాడు. ఇసుక నేలలో, గట్టి రాతి పునాది లేకుండా, అన్ని వందల ఏళ్లు ఆ కట్ట ఎలా నిలిచిందో తెలుసుకున్నాడు. ఆ పాఠం తనకు ఈ దేశపు పాతకాలపు పనివాళ్లు నేర్పారని ఒప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. 1836లో కొల్లడం నది మీద ఆయన కట్టించిన ఆనకట్టలతో తంజావూరు సాగుకు మళ్లీ ప్రాణం వచ్చింది.

అయితే ఆయన ఒళ్లు ఆయన మాట వినలేదు. పని మంచి ఊపు మీద ఉన్నప్పుడల్లా జ్వరం పడగొట్టేది. 1830లో ఒకసారి సెలవు పెట్టి ఐరోపాకు పోవలసి వచ్చింది. కొల్లడం ఆనకట్టలు ముగిశాక మళ్లీ ఆరోగ్యం పాడై ఆస్ట్రేలియా, టాస్మేనియా వైపు వెళ్లాడు. ముప్పై అయిదేళ్ల వయసు. చేతికి పని అలవాటైన కాలం. తోటివాళ్లు పదవుల్లో పైకి పోతుంటే ఆయన పరాయి సముద్రం ఒడ్డున కోలుకోవడానికే రోజులు లెక్కపెట్టుకున్నాడు. అలాంటి కాలాన్ని మనలో చాలామంది వృథా కాలమంటాం. ఆయన జీవితాన్ని వెనక్కి తిరిగి చూస్తే అది వృథా కాలంగా కనిపించదు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్‌మంత్‌తో ఆయన వివాహం జరిగింది. ఆ తర్వాతి యాభై ఎనిమిదేళ్లూ వాళ్లిద్దరూ ప్రార్థనలోనూ కష్టంలోనూ కలిసి నడిచారు. వాళ్ల కుమార్తె ఎలిజబెత్, తర్వాత లేడీ హోప్‌గా పేరు పొందిన సువార్తికురాలు, తండ్రి జీవిత చరిత్రను 1900లో ప్రచురించింది.

తిరిగి ఇండియాకు వచ్చాక కూడా ఆయనను పెద్ద పనిలో పెట్టలేదు. నలతగా ఉన్న మనిషికి సముద్రపు గాలి మేలని విశాఖపట్నంలో ఉంచారు. ఒక చర్చి కట్టించడం, ఒడ్డును కోస్తున్న అలలకు అడ్డుకట్టలు వేయించడం ఆయన పని. కావేరిని అదుపులో పెట్టినవాడికి అది చిన్న పనే. అయినా దాన్ని చిన్నచూపు చూడక చేశాడు. ఆ విశాఖ మకామే ఆయనను గోదావరికి దగ్గర చేసింది. పక్క జిల్లా పరిస్థితి కళ్లారా చూశాడు. పదేళ్ల కిందటి కరువు దెబ్బకు ఆ సీమ ఇంకా తేరుకోలేదు. ఊళ్లు పాడుబడ్డాయి. నది మాత్రం ఏటా నిండుగా పారి సముద్రంలో కలిసిపోతోంది. 1844, 1845 సంవత్సరాల్లో ఆయన ప్రభుత్వానికి నివేదికలు పంపాడు. ఆరోగ్యం బాగుంటే, పదవి సాఫీగా సాగిపోతే, ఆ మనిషి ఆ ఒడ్డుకు వచ్చి ఉండేవాడో లేదో.

యోసేపును చెరసాలలో పానదాయకుడు రెండేళ్లు మరిచిపోయాడు. అతడు వెంటనే జ్ఞాపకం చేసుకొని ఉంటే యోసేపు తండ్రి ఇంటికి దారి పట్టి ఉండేవాడేమో. ఫరో కల కన్న రోజున ఐగుప్తులో ఉండేవాడు కాడు. దేవుడు ఆలస్యాలను ఎందుకు అనుమతిస్తాడో ఆలస్యం నడుస్తున్నప్పుడు మనకు అర్థం కాదు. ఆ రెండేళ్లలో యోసేపు తోటి ఖైదీల బాగోగులు చూసుకుంటూ ఉన్నాడన్నది మాత్రం మనకు తెలుసు.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. అడిగినంత డబ్బు రాలేదు, అడిగినంతమంది ఇంజనీర్లు రాలేదు. ఎండదెబ్బకూ శ్రమకూ మళ్లీ ఆరోగ్యం చెడి, పని నడుమనే కాటన్ సెలవు మీద వెళ్లవలసి వచ్చింది. కెప్టెన్ ఆర్ ఆ పనిని చేతికి తీసుకున్నాడు. తన బ్రతుకులోకెల్లా పెద్ద పనిని వేరొకరి చేతిలో పెట్టి దూరంగా ఉండడం ఎంత కష్టమో, నడుము కట్టిన ఏ రైతునడిగినా చెబుతాడు. కాటన్ తిరిగి వచ్చి 1852లో దాన్ని ముగించాడు. వేలాది కూలీల చెమట, వీణెం వీరన్న వంటి స్థానికుల అండ లేకుంటే ఆ కట్ట లేచేది కాదు. ఒక్కరి పేరే ఎక్కువగా నిలిచినా, ఆ రాళ్లు మోసినవారిని దేవుడు పేరుపేరునా ఎరుగును.

ఇప్పుడు మన వైపు కథకు వద్దాం.

గోదావరి తర్వాత కాటన్ చూపు తుంగభద్ర మీద పడింది. కృష్ణా, గోదావరి డెల్టాలకు నీరిచ్చినంత మాత్రాన కరువు పోదని ఆయనకు తెలుసు. వాన తక్కువ పడే నడిగడ్డ జిల్లాలే ఆకలికి అసలు ఇల్లు. బళ్లారి, కర్నూలు, కడప సీమలకు తుంగభద్ర నీటిని నిల్వచేసి ఇవ్వాలన్న ఆలోచనను 1860 ప్రాంతంలో ఆయన ముందుకు తెచ్చాడు. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని ఊరు.

ఆ పెద్ద ఆలోచనలో ఒక ముక్క మాత్రమే అమలైంది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, కర్నూలు, నంద్యాలల మీదుగా కడప దాకా కాలువ తవ్వింది. మనం కేసీ కెనాల్ అనేది అదే. పైన నీటిని నిల్వచేసే జలాశయాలు కట్టనే లేదు. సుంకేసులకు ఎగువన ఉన్న మన పడమటి తాలూకాలకు చుక్క నీరు రాలేదు. నది మన పక్కనుండే, మంత్రాలయం మీదుగా, పారింది. మన చేలు దాన్ని చూస్తూ ఎండాయి.

తవ్విన కాలువ కూడా మొదట్లో అపజయమే అయింది. అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ ఖర్చయింది. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి వేసుకొనే రైతులు కాలువ నీటికి డబ్బు కట్టడానికి ముందుకు రాలేదు. వాన బాగా పడిన ఏడు ఆ నేలకు పైనీరు అక్కర లేదని వాళ్ల అనుభవం. కాటన్ వాళ్ల లెక్కను సరిగా అంచనా వేయలేదని మేము ఒప్పుకోవాలి. భక్తిపరుడైనంత మాత్రాన మనిషి వేసిన అంచనాలన్నీ ఒప్పవుతాయని లేదు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువను కంపెనీ నుండి కొనేసింది. అదే కాలువ కింద నేడు రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉందంటే, ఒక తరం ఓటమిగా లెక్కగట్టినది ఇంకో తరానికి కూడు పెడుతున్నదన్నమాట.

1860లో కాటన్ ఇండియా ఉద్యోగం ముగించుకొని ఇంగ్లండు వెళ్లాడు. మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. గౌరవం దొరికింది కానీ, పలుకుబడి దొరకలేదు. ప్రభుత్వం చూపంతా రైలు మార్గాల మీద ఉంది. నీటి కాలువలే ముందని ఆయన వాదిస్తూ వచ్చాడు. 1871 నాటికి మద్రాసు నుండి గుంతకల్లు, ఆదోనిల మీదుగా రాయచూరు దాకా రైలు నడిచింది. ఆదోనికి రైలు వచ్చింది, నీరు రాలేదు.

ఆ తర్వాత అయిదేళ్లకే ధాత కరువు విరుచుకుపడింది. 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా ఆ కరువు నడిచింది. దక్షిణాదిలో అది మోదిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ముందు వరుసలో ఉన్నాయి. 1871 నాటి జనాభా లెక్కతో 1881 లెక్కను పోల్చి చూస్తే బళ్లారి జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. కర్నూలు జిల్లాలో అంతకన్నా ఎక్కువ. ఆ లెక్కలో ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పల్లెలవాళ్లందరూ ఉన్నారు. రైలు ధాన్యం మోసుకు రాగలిగింది. కొనడానికి కూలివాడి చేతిలో కాసు లేదు. పనికి ఆహారం శిబిరాల్లో రాళ్లు కొడుతూ కొట్టుతూ చనిపోయినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఈ కబురు ఇంగ్లండులో ఉన్న ముసలి ఇంజనీరుకు చేరింది. తన మాట నెగ్గిందని సంతోషించే సంగతి కాదది. ఎవరూ వినని హెచ్చరిక నిజమైతే ప్రవక్త ఏడుస్తాడు, యిర్మీయా ఏడ్చినట్టు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచారణ సంఘాన్ని వేసింది. డెబ్బై అయిదేళ్ల కాటన్ దాని ముందు కూర్చొని ప్రశ్నలకు జవాబిచ్చాడు. తుంగభద్ర కాలువ నష్టాన్ని ఎత్తిచూపారు. ఆయన పెద్ద పథకాలు అతిశయమని తేల్చారు. ఆయన కోరినది జరగలేదు.

ఆ తర్వాత ఆయన ఇరవై ఒక్క సంవత్సరాలు బ్రతికాడు. మమ్మల్ని ఆలోచనలో పడేసేవి ఈ ఏళ్లే. పదవి లేదు. వినేవాళ్లు తక్కువ. అనుకున్న పని జరిగే సూచన లేదు. మోషే నెబో కొండ మీద నిలబడి దూరం నుండి చూసిన దేశంలా, తుంగభద్ర నీరు పారే నేల ఆయనకు కాగితం మీద మాత్రమే ఉంది. ఇలాంటి చోట మనుషులు రెండు రకాలుగా పాడవుతారు. కొందరు చేదెక్కిపోతారు. కొందరు అంతా వదిలేసి ఊరకుంటారు. కాటన్ ఈ రెంటిలోనూ పడలేదు. డార్కింగ్ అనే చిన్న పట్టణంలో ఉంటూ, ఇండియా నీటి గురించి రాయడం మానలేదు. నేలను లోతుగా దున్ని సాగుచేస్తే గోధుమ దిగుబడి ఎంత పెరుగుతుందో తన తోటలోనే చేసి చూశాడు. తొంభై దాటిన వయసులోనూ నేర్చుకోవడం ఆపలేదు. కుమార్తె ఆ ఊళ్లోని శ్రమజీవుల మధ్య సువార్త సేవ చేస్తుంటే ఆ ఇల్లు దానికి అండగా నిలిచింది. బైబిలు పఠనం, ప్రార్థన ఆ ఇంట్లో దినచర్య. నీళ్లివ్వడం పేదలకు చేసే క్రైస్తవ ధర్మమన్న నమ్మకం ఆయనలో చివరి దాకా సడలలేదు.

1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో, ఆయన ప్రభువునందు నిద్రించాడు. బళ్లారి సీమకు తుంగభద్ర నీరు అప్పటికి ఇంకా కలే.

రెండేళ్లు గడవగానే, 1901లో, ప్రభుత్వం నీటిపారుదల కమిషన్‌ను నియమించింది. అయినా మద్రాసు, హైదరాబాదు, మైసూరు ప్రభుత్వాల నడుమ నీటి పంపకం తెగక మరో నలభై ఏళ్లకు పైగా గడిచాయి. 1945 ఫిబ్రవరి 28న హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాముకు పునాది పడింది. 1953 జూలైలో కాలువల్లోకి నీరు వదిలారు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుండి ఇటు వచ్చాయి. దిగువ కాలువ నీరు క్రమంగా ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు చేరింది. 1860 నుండి లెక్కవేస్తే తొంభై మూడేళ్లు. కాటన్ పోయాక యాభై నాలుగేళ్లు.

ప్రియ పాఠకులారా, ఈ కథ నుండి సులువైన పాఠం తీయడం మాకు ఇష్టం లేదు. ఓపిక పడితే కోరినవన్నీ దొరుకుతాయని ఇది చెప్పడం లేదు. కాటన్‌కు దొరకలేదు. ధాత కరువులో పోయినవాళ్లకూ దొరకలేదు. ఆకలితో ఉన్నవాణ్ణి ఓపిక పట్టమని చెప్పి పంపేయడం విశ్వాసం కాదని యాకోబు పత్రిక మనకు ఎప్పుడో చెప్పింది. కాటన్ పరలోకపు మాటలతో ఆగిపోలేదు. కొలతలు వేశాడు, లెక్కలు కట్టాడు, అధికారుల తలుపులు తట్టాడు, తిట్లు తిన్నాడు, మళ్లీ తట్టాడు. కనిపెట్టుకొని ఉండడం అంటే అది.

హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయంలో ఒక వరుస ఉంది. వాగ్దానాన్ని చేతికి అందుకోకుండానే, దూరం నుండి చూసి పలకరించి, విశ్వాసంలో మృతిపొందినవారి వరుస. వాళ్లు ఓడిపోయారని ఆ పత్రిక అనదు. మనతో కలిసే వాళ్లు సంపూర్ణులవుతారని అంటుంది. అంటే ముందు తరం ఎదురుచూపుకు మనం జవాబు. మన ఎదురుచూపుకు మన పిల్లలు జవాబు కావచ్చు.

ఆ ఎదురుచూపు ఇంకా ముగియలేదు. దిగువ కాలువ చివరి భూములకు ఏటా నీరు సరిగా అందదు. సుగ్గి మూటలు ఏటా లేస్తూనే ఉన్నాయి. ఈ ఆగమన కాలంలో మన సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. ఊళ్లో మిగిలిన పిల్లలకు సాయంత్రం పూట ఒక పూట అన్నం, పాఠం, ప్రార్థన మందిరంలోనే దొరికితే చాలు. ఆ పిల్లలను, వాళ్లకు కాపున్న అవ్వాతాతలను కనిపెట్టుకొని ఉండే పెద్దలు ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురుంటే చాలు. కాలువ నీటి వంతు కోసం రైతులు అధికారుల దగ్గరకు పోయినప్పుడు సంఘ పెద్దలు కూడా వాళ్ల వెంట నడవాలి. పనులకు పోయినవాళ్ల పేర్లు ఆదివారం ప్రార్థనలో ఒక్కొక్కటిగా పలకాలి.

మనం వేసే గీత మీద నీరు పారడం మనం చూడకపోవచ్చు. అయినా గీత గీయవలసింది మనమే. నీళ్లిచ్చేవాడు మరిచిపోడు.